పొడుగు కామ

మా గరాజు గోడకి ఒక పనిముట్టు వేలాడుతూ ఉంటుంది. ఇంటికొచ్చినవాళ్ళలో చాలామంది అదేమిటో చెప్పలేరు. మూడడుగుల ఉక్కు కడ్డీ, పైన రెండు చేతులతో పట్టుకోవడానికి అడ్డపిడి, కింద అడుగు కోసేసిన గ్లాసు లాంటి గొట్టం, ఆ గొట్టానికి కాస్త పైన కాలు పెట్టి తొక్కడానికి ఒక పట్టీ. స్నేహితుడొకాయన దాన్ని చూసి "మీ అమ్మాయి పోగో స్టిక్కా?" అని అడిగాడు. కాదు. పూలగడ్డలు పాతడానికి నేలలో గుంట తీసే సాధనం. ఇక్కడ బల్బ్ ప్లాంటర్ అంటారు. దానికో పొట్టి తమ్ముడు కూడా ఉన్నాడు. అదే గొట్టం, పిడి మాత్రం జానెడు. రెండూ తీసే గుంట ఒకటే. తేడా అంతా కామలోనే ఉంది.

ఆ రెండడుగుల తేడా గురించి నేను చాలా ఏళ్ళుగా ఆలోచిస్తున్నాను. చెప్తే నవ్వుతారేమో. రోజంతా సర్వర్లూ డేటాబేసులూ అంటూ బతికేవాడికి ఇదేం చింత అని. కానీ ఈ చింత నాకు ఊరికే రాలేదు.

ముందు అసలు సంగతి తెలియనివారికి రెండు మాటలు. మేముండే న్యూజెర్సీలో డాఫొడిల్, ట్యూలిప్, క్రోకస్ లాంటి పూలన్నీ వసంతంలో పూస్తాయి. కానీ వాటి గడ్డలు పాతేది ఆకురాలు కాలంలో, నేల గడ్డకట్టేలోపు. గడ్డకి మూడు నాలుగు నెలల చలి తగలాలి. తగలకపోతే పువ్వు సరిగా రాదు. అందుకే విజయవాడలో ఎంత నీళ్ళు పోసినా ట్యూలిప్ పూయించడం కష్టం. (గ్రీన్ కార్డు కోసం పన్నెండేళ్ళు కాచినవాళ్ళకి పన్నెండు వారాలు ఒక లెక్కా అని మా ఆవిడ అంటుంది.) గడ్డ ఎంత ఎత్తుంటే దానికి రెండు మూడు రెట్లు లోతున పాతాలి. డాఫొడిల్‌కి ఆరంగుళాలు, ట్యూలిప్‌కి ఆరు నుంచి ఎనిమిది, చిన్న క్రోకస్‌కి మూడు నాలుగు చాలు. మొన పైకి, వేళ్ళ వైపు కిందికి. ట్యూలిప్ అంటే జింకలకి విందు. డాఫొడిల్‌లో విషం ఉంటుంది కాబట్టి జింకా ఉడతా రెండూ ముట్టవు. అందుకే మా ఇంట్లో డాఫొడిల్సే ఎక్కువ. ఒక జాగ్రత్త. ఈ గడ్డలు అచ్చం ఉల్లిపాయల్లా ఉంటాయి. వంటింటి దరిదాపుల్లో పెట్టకండి.

ఇక పనిముట్టు. నేను మొదట కొన్నది చవకది. కాలిపట్టీని కడ్డీకి రెండు చుక్కలు వెల్డింగ్ పెట్టి అతికించారు. మా సెంట్రల్ జెర్సీ నేల ఎర్ర షేల్ రాయి అరిగి ఏర్పడిన బంకమన్ను. తడిస్తే జిగురు, ఎండితే ఇటుక. నలభయ్యో గుంట దగ్గర ఆ పట్టీ ఊడి నా చేతిలోకొచ్చింది. అప్పుడు నేర్చుకున్నాను ఏం చూసి కొనాలో. కాలిపట్టీ కడ్డీకి రెండువైపులా ఉండాలి, బూటు అడుగు ఆనేంత వెడల్పుండాలి, వెల్డింగ్ చుట్టూ తిరిగి ఉండాలి. గొట్టం కింద కాస్త సన్నం, పైన కాస్త వెడల్పుగా ఉండాలి. అప్పుడే మట్టి ముద్ద లోపల ఇరుక్కోకుండా పైకి జరుగుతుంది, తర్వాతి గుంట తీసేటప్పుడు కొత్త ముద్ద పాత ముద్దని బయటికి నెడుతుంది. లీవరు నొక్కితే మట్టి దులిపేసే మోడళ్ళు కూడా ఉన్నాయి. బంకమట్టిలో ఆ లీవరే ముందు మొరాయిస్తుంది, నా మాట వినండి. ముందురోజు నేల తడిపి ఉంచాలి. కానీ బురద కాకూడదు. తొక్కి, పావు వంతు తిప్పి, నిటారుగా పైకి లాగాలి. పక్కకి వంచి లాగితే కడ్డీ వంగుతుంది, లేదా మన నడుం పట్టేస్తుంది.

ఇన్ని చెప్పాను కదా, ఒకటి చెప్పలేదు. ఈ పొడుగు కామ గుంట తియ్యడానికే పనికొస్తుంది. గుంటలో గడ్డని మొన పైకి వచ్చేలా కూర్చోబెట్టడానికి మళ్ళీ వంగాల్సిందే. కొన్న రోజున నాకిది పెద్ద మోసంగా తోచింది.

మన భాషలో పనికి కొలత వంగడమే. సోమరిని "ఒళ్ళు వంచడు" అంటాం. కష్టజీవిని "నడుం వంచి పని చేస్తాడు" అంటాం. నిలబడి చేసే పనికి మనం పెద్దగా మార్కులు వెయ్యం. నా చిన్నప్పుడు మా ఊళ్ళో, కృష్ణా కాలువ కింద, నాట్లప్పుడు ఆడవాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా వంగే ఉండేవాళ్ళు. ఒక చేతిలో నారు కట్ట, ఇంకో చేత్తో నాటుతూ వెనక్కి అడుగులేస్తూ. మా నాన్న గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడేవారు. నేను ఆయన పక్కన. వాళ్ళు పాడుకునే పాటలు గట్టు మీదికి బాగా వినిపించేవి. పెద్దయ్యాక, అమెరికా వచ్చాక, ఆ దృశ్యం నా మనసులో ఒక పటమై కూర్చుంది. పచ్చని మడి, వంగిన వరస, పాట. ఎవరైనా ఊరి గురించి రాయమంటే ఆ పటమే రాసేవాణ్ణి. భూమికి వంగి దణ్ణం పెట్టినట్టుండేదని ఒక సావనీరులో రాశాను కూడా. ఆ వరసలో ఉన్నవాళ్ళెవరూ అలా రాయలేదు. వాళ్ళకి సావనీరు లేదనుకోండి, అది వేరే సంగతి.

సొంత ఇల్లు కొన్నాక ఈ భక్తి ఇంకా ముదిరింది. తోటపని అంటే మోకాళ్ళ మీద కూర్చుని, చేతులకి మట్టి అంటించుకుని చెయ్యాలని, పనిముట్టు ఎంత పొడుగైతే మనిషి నేలకి అంత దూరమవుతాడని వాదించేవాణ్ణి. ఏడాదికి ఒక శనివారం వంగేవాడికి ఈ వాదన చాలా తేలిక.

2016 నవంబరు. సీజను చివర కదా అని మూడు వందల డాఫొడిల్ గడ్డలు సగం ధరకి కొన్నాను. అదే వారం ఆఫీసులో ప్రాజెక్టు గో-లైవ్. రాత్రింబవళ్ళు కాల్స్. ఇంకో పది రోజుల్లో నేల గట్టిపడిపోతుంది. ఏం చెయ్యాలో తోచక, పొద్దున్నే ఇంటి సామాన్ల దుకాణం పార్కింగ్ లాట్ పక్కన పనికోసం నిలబడేవాళ్ళలో ఒకతన్ని తీసుకొచ్చాను. గంటకి పదిహేను డాలర్లు. యాభై ఏళ్ళుంటాయేమో. అతనికి ఇంగ్లీషు కొంచెం వచ్చు, నాకు స్పానిష్ అసలు రాదు.

గరాజు తెరిచి గడ్డల సంచులు చూపించాను. పొట్టి ప్లాంటర్ చేతికిచ్చాను. అతను దాన్ని తిప్పి చూసి, గోడ వైపు చూశాడు. కొత్త పొడుగుది అక్కడ వేలాడుతోంది. చవకది విరిగాక ముచ్చటపడి అరవై డాలర్లు పెట్టి కొన్నది. అట్ట ట్యాగు కూడా తియ్యలేదు. "అది?" అన్నట్టు వేలు చూపించాడు.

"నో, నో. దిస్ వన్ ఈజ్ బెటర్. మోర్ కేర్‌ఫుల్" అన్నాను.

"ఓకే, బాస్" అన్నాడు.

అలా ఎందుకన్నానని తర్వాత చాలాసార్లు నన్ను నేను అడిగాను. కొత్తది పాడవుతుందేమోనని భయమా? కొంత. పొట్టిదైతే గుంటకి దగ్గరగా ఉంటాడు, గడ్డ సరిగ్గా కూర్చోబెడతాడనా? అదీ కొంత. ఎలాగూ వంగాలి కదా అనే లెక్క కూడా ఉంది. గుంటకోసం వంగినవాడు అదే వంగడంలో గడ్డ పెట్టేస్తాడు, రెండు పనులు ఒక్క వంపులో అయిపోతాయి. ప్రాసెస్ ఆప్టిమైజేషన్ నా వృత్తి మరి. కానీ ఇవన్నీ తర్వాత పేర్చుకున్న కారణాలు. ఆ క్షణాన జరిగింది ఇంకా చిన్నది. అతనికీ ఒక నడుం ఉంటుందన్న ఆలోచన నాకు రాలేదు, అంతే.

ఆ రోజంతా వంటింటి కిటికీ దగ్గర ల్యాప్‌టాప్ పెట్టుకుని కాల్స్‌లో ఉన్నాను. నేల తడిగా, చల్లగా ఉంది. మోకాళ్ళ మీద కూర్చుంటే ప్యాంటు తడుస్తుందని కాబోలు, నిలబడే వంగి చేశాడు. కంచె వెంబడి అతని వీపు మెల్లగా జరుగుతూ ఉండేది. మధ్యమధ్య నేను కిటికీలోంచి చూసేవాణ్ణి. వీపు వంగి ఉంటే పని జరుగుతున్నట్టు. ఒకట్రెండుసార్లు నిటారుగా నిలబడి కనిపించాడు, నా కళ్ళు వెంటనే గడియారం వైపు వెళ్ళాయి. సాయంత్రానికి రెండు వందలు, మర్నాడు మధ్యాహ్నానికి మిగతా వంద అయ్యాయి. చివర లేచినప్పుడు ఒక్కసారిగా లేవలేదు. రెండు చేతులూ తొడల మీద ఆనించి, విడతలు విడతలుగా లేచాడు. కాఫీ ఇచ్చాను, లెక్క కాక ఇంకో ఇరవై డాలర్లిచ్చాను. దింపి వచ్చేటప్పుడు కారులో నా గురించి నాకు మంచి అభిప్రాయమే ఉంది.

ఆ అభిప్రాయం ఓ నాలుగేళ్ళు నిలిచింది. మా అమ్మాయి స్కూల్లో కాలిఫోర్నియా వ్యవసాయ కూలీల చరిత్ర మీద ప్రాజెక్టు ఇచ్చారు. అందులో తనకి దొరికింది పొట్టి కామ పార కథ. అక్కడి కూలీలు దాన్ని స్పానిష్‌లో 'ఎల్ కోర్తీతో' అనేవారు, పొట్టిది అని. కామ అడుగు, అడుగున్నర. లెట్యూస్, షుగర్‌బీట్ చేలల్లో మొలకలు పలచన చెయ్యడానికి, కలుపు తియ్యడానికి రోజంతా దాంతో వంగే ఉండాలి. చాలామంది కూలీల వీపులు పాడయ్యేవి. ఆ పార నిషేధించండని కొందరు కూలీలు రాష్ట్ర కార్మిక భద్రతా విభాగాన్ని అడిగారు. వీపు ఎముకలు ఎలా దెబ్బతింటాయో డాక్టర్లు చెప్పారు. పొట్టి కామ అయితేనే పని కచ్చితంగా వస్తుందని, పొడుగుదైతే మంచి మొలకలూ తెగిపోతాయని ఆసాములు చెప్పారు. ఆ విభాగం ఆసాముల వైపే మొగ్గింది. ప్రమాదకరమైన పనిముట్టు అంటే విరిగినదో, పగిలినదో అయి ఉండాలని, మంచి స్థితిలో ఉన్న పార ప్రమాదకరం ఎలా అవుతుందని వాళ్ళ తర్కం. కూలీలు కోర్టుకి వెళ్ళారు. 1975 జనవరిలో కార్మోనా కేసులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఆ తర్కం తప్పని తేల్చింది. పనిముట్టులో లోపం ఉండక్కర్లేదు, దాన్ని వాడే తీరు మనిషిని గాయపరిస్తే చాలు అని. అదే ఏడాది పొట్టి పార పోయింది. లెట్యూస్ మాత్రం పోలేదు, ఇవాళ్టికీ మనం తింటూనే ఉన్నాం.

అమ్మాయి కాగితాలు పట్టుకుని నా దగ్గరికొచ్చింది. "నాన్నా, కూలీలు ఇంకో రీజన్ కూడా చెప్పారట. హ్యాండిల్ షార్ట్‌గా ఉంటే సూపర్‌వైజర్‌కి దూరం నుంచే తెలిసిపోతుందట. నిలబడి ఉన్నవాడు పని చెయ్యట్లేదని. క్రేజీ కదా?"

అవునన్నాను. నేను కూర్చున్నది ఆ వంటింటి కిటికీ దగ్గరే.

ఇక్కడ కొందరు మిత్రులు నాతో వాదించారు. నువ్వు కొట్టావా, తిట్టావా, కూలి ఎగ్గొట్టావా, ఒకటిన్నర రోజు పనికి ఇంత ఏడుపా అని. ఒకటిన్నర రోజుకి ఎవరి వెన్నూ విరగదు, నిజమే. కానీ నన్ను కదిలించింది గాయం కాదు. 'మోర్ కేర్‌ఫుల్' అన్న నా మాట. ఆసాముల మాట అది, అక్షరం పొల్లుపోకుండా. నేనెప్పుడూ వాళ్ళని కలవలేదు, వాళ్ళ భాష చదవలేదు. అయినా ఎక్కడినుంచి వచ్చింది నా నోటికి? గట్టు మీదినుంచే వచ్చిందని నా అనుమానం. వంగడంలో పవిత్రత ఉందని ఎవరైనా అన్నప్పుడు ఆయన ఎక్కడ నిలబడి అంటున్నాడో చూడాలి. మోకాళ్ళ మీద కూర్చుని మట్టి ముట్టుకోవడం నాకు సుఖమే, ఇప్పటికీ అలాగే చేస్తాను. నా వంపు నేను ఎంచుకున్నది. అతను ఎంచుకున్నది గోడ మీద ఉంది, వేలు పెట్టి చూపించాడు కూడా.

ఇంకో వైపునుంచి కూడా ఆలోచించాను. నా ఉద్యోగమంతా కామలు పొడుగు చెయ్యడమే. నేను రాసిన ప్రోగ్రాముల వల్ల ఎందరో గుమాస్తాలు కాగితాల మీద వంగడం తప్పింది. వాళ్ళలో కొందరికి ఉద్యోగమూ తప్పింది. మా ఊళ్ళో కూడా ఇప్పుడు డ్రమ్ సీడర్లు వచ్చాయి, నిలబడి లాక్కుంటూ పోతే వరి విత్తనం వరసల్లో పడుతుంది, నాటు లేదు. నడుములు బతికాయి. నాటు కూలి మాటేమిటి? దీనికి నా దగ్గర జవాబు లేదు. అయితే కూలి పోతుందేమోనన్న భయాన్ని చూపించి పొట్టి కామ చేతికివ్వడం కూడా నాకు జవాబులా అనిపించదు.

2022 అక్టోబరులో అమ్మ వచ్చింది. నాన్న పోయాక ఒంటరిగా ఉంటోంది. రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయింది. కింద కూర్చోలేదు, ఎక్కువ వంగలేదు. అందరూ అమ్మానాన్నల్ని ఎండాకాలం రప్పించుకుంటే నువ్వు నన్ను చలికి తెచ్చావని ఒక వారం సణిగింది. ఒక ఆదివారం నేను గడ్డలు పాతుతుంటే స్వెట్టరు మీద శాలువా కప్పుకుని వచ్చి నిలబడింది.

"ఉల్లిపాయలు పాతుతున్నావేంట్రా?"

చెప్పాను. కాసేపు చూసి, "ఇటివ్వు" అని పొడుగు ప్లాంటర్ తీసుకుంది. అప్పుడు గమనించాను. అయిదడుగులు కూడా లేని అమ్మకి ఆ అడ్డపిడి సరిగ్గా మోచేతి ఎత్తుకి వచ్చింది. నాకు తుంటి దగ్గరికే వస్తుంది, ఎంత పొడుగు కామ అన్నా నేను కొంత వంగుతూనే ఉన్నాను ఇన్నాళ్ళూ. అమెరికావాడు ఎవరి కొలతకి చేశాడో గానీ మా అమ్మకి కుట్టించినట్టుంది. తొక్కడానికి మోకాలు సహకరించలేదు. నేను తొక్కితే అమ్మ తిప్పి లాగింది.

"మరి గడ్డ లోపలెయ్యడం ఎలా? వంగాలా?" అంది.

"వంగాలి."

"ఇదేం కామరా, సగం పనికే?" అని గరాజులోకి వెళ్ళింది. ప్లంబింగ్ చేయించినప్పుడు మిగిలిన మూడంగుళాల పీవీసీ పైపు ముక్క ఒకటి మూలన పడి ఉంటే పట్టుకొచ్చింది. దాన్ని గుంట మీద నిలబెట్టి, పైనుంచి గడ్డ జారవిడిచింది. టప్ మని పడింది.

అమ్మది పల్నాడు వైపు మెట్ట ఊరు. పెళ్ళికాక ముందు వాళ్ళ పొలంలో జొన్న విత్తేటప్పుడు గొర్రు వెనక నడుస్తూ జడ్డిగంలో గింజలు వేసేదట. చూడనివాళ్ళకి చెప్తాను. గొర్రు అంటే ఎడ్లు లాగే విత్తనపు నాగలి. దాని మీద ఒక చెక్కగిన్నె, అదే జడ్డిగం. దాని అడుగునుంచి వెదురు గొట్టాలు సాళ్ళలోకి దిగుతాయి. పిడికిట్లోంచి గింజలు సమంగా జారవిడుస్తూ నడవాలి, అన్ని గొట్టాల్లోకీ ఒకేలా పడాలి. అది అందరి చేతా కాదట. "మా వైపు నిలబడే విత్తేవాళ్ళం. మీ నాన్నగారి ఊరొచ్చాకే చూశాను అట్లా పొద్దస్తమానం వంగి ఉండటం. మొదటి ఏడు చూడలేకపోయాను" అంది. నాకు తెలియదు ఆ మాట. నలభై ఏళ్ళు ఆ పటాన్ని గట్టు మీదినుంచే చూశాను, అమ్మ ఎక్కడినుంచి చూసిందో అడగలేదు.

పైపులోంచి పడ్డ గడ్డ పక్కకి ఒరిగితే? తలకిందులైతే? అమ్మకదే బెంగ. అమ్మాయి వెతికి చెప్పింది, ఎటు పడ్డా మొలక పైకే తిరుగుతుందని, కాస్త ఆలస్యమవుతుంది అంతే అని. "మోర్ కేర్‌ఫుల్" గా పెట్టాల్సిన అవసరం కూడా అంతగా లేదన్నమాట. ఆ పూట ఎనభై గడ్డలు పాతాం. అమ్మ ఒక్కసారి కూడా వంగలేదు.

మార్చి రెండో వారంలో అమ్మ వెళ్ళిపోయింది. అప్పటికి నేలలోంచి అంగుళమంత పచ్చ మొనలు మాత్రం వచ్చాయి. ఏప్రిల్‌లో పూశాక వాట్సాప్‌లో వీడియో కాల్ చేసి కంచె వెంబడి ఫోను తిప్పాను.

"నేనేసినవేవి?"

"ఇవిగో, మెట్ల దగ్గరివి."

"బాగున్నాయి. మరి ఆ కంచె వారన అంత ఒత్తుగా ఉన్నవి?"

డాఫొడిల్ గడ్డ నేలలోనే పిల్లలు పెడుతుంది. ఏడేళ్ళలో ఆ మూడు వందలూ గుంపులు గుంపులయ్యాయి. ఎవరు పాతారో చెప్పాను. ఒకటిన్నర రోజని, చేతి ప్లాంటర్‌తో అని, అంతా చెప్పాను.

"అప్పటికి ఈ పొడుగుది కొనలేదా నువ్వు?"

"కొన్నానమ్మా."

కాసేపు చప్పుడు లేదు. లైను కట్టయిందేమోననుకున్నాను. కాలేదు, ఫోన్‌లో అమ్మ మొహం కనిపిస్తూనే ఉంది.

"అంత ఒత్తయితే పూలు తగ్గిపోవూ? తవ్వి విడదీయాలేమో" అంది చివరికి.

"విడదీయాలి. జూన్‌లో, ఆకులు పండి ఎండిపోయాక. దానికి ఈ ప్లాంటర్ పనికిరాదు, గడ్డపలుగు లాంటిదేదో కావాలి."

"ఎవరు తవ్వుతారు?"

చూడాలమ్మా, అన్నాను.